తీపి మరిగిన బూజు

నవంబరు 5

తొలి మంచు పడింది. మధ్యాహ్నానికి కరిగి బురదైంది.

ఉదయం మీటింగులో మునకతగారు చల్లగా కబురు చెప్పారు. ప్రదర్శన మార్చి ఆఖర్న కాదట, ఫిబ్రవరి పద్నాలుగునట. రాజధాని నుంచి వచ్చే పెద్దలకి ఆ రోజే తీరికట. "మన బూజుని కాస్త తొందరపడమనండి, కుదోగారూ" అని నా వైపు చూసి నవ్వారు. ఆయన మా సెక్షన్ హెడ్డు కాబట్టి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇప్పటిదాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ రోజు పెద్ద తొట్టిలో ఆల్కహాల్ పొంగితే ఇంకో మూడేళ్ళు బతుకుతాం. పొంగకపోతే మార్చి ముప్పై ఒకటిన ఈ గడ్డి కేంద్రానికి తాళం. పదకొండు మంది ఇళ్ళకి పోతారు. నా ఎనిమిదేళ్ళ పని పెట్టెలోకి పోతుంది.

పదిహేడో నంబరు బూజు గడ్డి కషాయం మీద తొమ్మిది రోజులకి గాని గోరంత పెరగదు. పెద్ద తొట్టికి విత్తనంగా నాలుగు బిందెల బూజు కావాలి. ఎప్పటికి అందుతుందో లెక్కవేశాను. మార్చి పది. మళ్ళీ వేశాను. మార్చి పది.

నవంబరు 8

వచ్చే పెద్దల కోసం ఒక కాగితం రాసిమ్మన్నారు. ఐదో తరగతి పిల్లకి కూడా అర్థం కావాలట. ఇలా రాశాను:

"వరిగడ్డిని ఆమ్లం కలిపిన నీటిలో ఉడికిస్తే దానిలో దాగున్న చక్కెర బయటికొస్తుంది. ఆ చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్ చేస్తుంది. దానితో బండ్లు నడుస్తాయి. చిక్కల్లా ఒకటే. ఉడికేటప్పుడు చక్కెరతో పాటు విషాలు కూడా పుడతాయి. ఆ కషాయంలో ఈస్ట్ పడితే చస్తుంది. మా దగ్గర ఒక బూజు ఉంది. అది ముందు విషాలన్నీ తినేస్తుంది, చక్కెర జోలికి పోదు. అది తిని శుభ్రం చేశాక ఈస్ట్‌ని దించుతాం."

మునకతగారు చదివి, "బూజు అనే మాట తీసేద్దామా? భోజనానికి ముందు చదువుతారు" అన్నారు.

తీయలేదు. తారు పూసిన పాత కరెంటు స్తంభం మొదట్లో, పురుగు కూడా బతకని చోట దొరికింది నాకు అది. దానికి పేరు లేకుండా చేయడానికి మనసొప్పలేదు.

నవంబరు 12

అసారిగారు తలుపు మీద కుంచెతో రాసిన కొత్త కాగితం అంటించారు: "నత్తో తిన్నవారు లోపలికి రాకూడదు." కిందటి చలికాలం కూడా అంటించారు. డెబ్భై మూడేళ్ళ మనిషి. ముప్పై ఎనిమిది చలికాలాలు ఒక సాకే కొట్లో పెద్దమేస్త్రీగా చేశారు. బియ్యం మీద బూజు పెంచి మద్యం తీసే ఆ కొట్టు మూతపడ్డాక, బూజు ఎక్కడుంటే అక్కడికి అన్నట్టు మా తొట్ల దగ్గర చేరారు. సాకే వాళ్ళు చలికాలమంతా నత్తో ముట్టరు. ఆ పులిసిన సోయా గింజల క్రిమి మనిషి వెంట వచ్చి బూజుని మింగేస్తుందని వాళ్ళ భయం.

"స్నానం చేసే వస్తాం కదండీ" అన్నారు మునకతగారు ఆటపట్టిస్తూ.

"మీరు చేస్తారు బాబూ. మీ ఊపిరి చేస్తుందా?" అన్నారీయన.

గడ్డే ఆ క్రిమికి పుట్టిల్లు. మా గోదాము నిండా ఉన్నది గడ్డే. ఒకరు తిన్నా తినకపోయినా ఒరిగేదేమీ లేదు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆ కాగితం చూస్తే నాకు ఎందుకో ధైర్యంగా ఉంటుంది.

వెళ్ళేముందు నా ప్లేట్లలో పెరుగుతున్న బూజు వైపు చూసి అన్నారు. "మనవాణ్ణి ఆకలితో ఉంచు, డాక్టరమ్మా. ముద్దొస్తే లోపల దాచుకో. వాడికి తెలియనివ్వకు."

నవంబరు 14

పదిహేడుని మాల్ట్ ప్లేట్ల మీదికి మార్చాను. కషాయం లేదు, విషం లేదు, ఉత్త బార్లీ తీపి. మూడు రోజుల్లో ప్లేటు నిండుతుంది. నిండాక తిరిగి కషాయానికి అలవాటు చేస్తాను. ఈ ఒక్కసారికే.

నవంబరు 17

నిండింది. నల్లగా, దట్టంగా, చూడముచ్చటగా ఉంది. ఎనిమిదేళ్ళలో దాన్ని ఇంత ఆరోగ్యంగా ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ మాల్ట్ మీదే తిప్పాను. ఈ ఒక్కసారికే.

నవంబరు 21

మాల్ట్. ఈ ఒక్కసారికే.

నవంబరు 30

మాల్ట్.

డిసెంబరు 7

అసారిగారు సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు.

"వీడు ఇంత తొందరగా ఎట్లా బలిశాడమ్మా?"

"కొత్త ఇంక్యుబేటరు అండీ. వేడి సమంగా ఉంటుంది."

మూత తీసి వాసన చూశారు. "బార్లీ పిండి వాసనేస్తున్నాడే."

"మీ ముక్కుకి రిటైర్మెంటు వయసొచ్చింది" అన్నాను. పకపకా నవ్వారు. "వచ్చే ఉంటుందిలే. మా ఆవిడ కూడా అదే అంటుంది" అంటూ వెళ్ళిపోయారు.

నాకు అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని తెలియదు. అబద్ధం కూడా కాదు. ఇంక్యుబేటరు కొత్తదే.

డిసెంబరు 23

అసారిగారు భోజనానికి పిలిచారు. కర్రలకి అన్నం ముద్దలు చుట్టి నిప్పుల మీద కాల్చి, కోడి పులుసులో వేశారు. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ. ఆయనే వండారు. వాళ్ళావిడ తొసెగారికి మూడేళ్ళుగా మతిమరుపు.

"ఎవరమ్మా ఈ అమ్మాయి?" అని ఆవిడ అడిగింది.

"మా డాక్టరమ్మ. బూజు డాక్టరు" అన్నారాయన.

"బూజుకి కూడా జబ్బు చేస్తుందా?" అని నవ్వింది. రెండు నిమిషాలాగి, "ఎవరమ్మా ఈ అమ్మాయి?" అంది. ఆయన మొదటిసారి చెబుతున్నట్టే చెప్పారు. తొమ్మిదిసార్లో పదిసార్లో అయింది. ఒక్కసారి కూడా గొంతు మారలేదు. నేనైతే మూడోసారికే పళ్ళు నూరేదాన్ని.

ఒకప్పుడు ఆవిడ గడ్డిలో చుట్టి పులియబెట్టే నత్తో కోసం వీధి వీధంతా వచ్చేదట. సాకే కొట్టు రోజుల్లో చలికాలం ఈయన ఇంటికే వచ్చేవారు కాదు కాబట్టి పేచీ లేదు. ఇప్పుడు ఆవిడకి ఆ నియమం గుర్తులేదు, చేతులకి పని మాత్రం గుర్తుంది. పొద్దున్నే గిన్నె ముందు పెడుతుందట. "ఆవిడ అటు తిరగ్గానే పెరట్లో మంచులో పారబోస్తాను. వసంతంలో మంచు కరిగితే మా పెరడంతా నత్తోయే" అని చెప్పి నవ్వారు.

నాకు టీచరమ్మ అని పేరు పెట్టింది తొసెగారు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి నా మఫ్లరు సర్దింది. ఇంటికొచ్చాక ఏడ్చాను. ఎందుకో తెలియదు. మా అమ్మ పోయాక నా మఫ్లరు ఎవరూ సర్దలేదు, అందుకై ఉంటుంది.

జనవరి 9

చిన్న సీసాలో పరీక్ష. కషాయంలో పదిహేడుని వేసి నాలుగు రోజులు. విషం తగ్గాల్సినంత తగ్గలేదు. చక్కెర తగ్గింది.

కొలిచే యంత్రం పాతది.

జనవరి 10

యంత్రం శుభ్రం చేసి మళ్ళీ కొలిచాను. అవే అంకెలు. యంత్రం పాతది.

జనవరి 16

పెద్ద తొట్టిలోకి విత్తనం దించాం. మునకతగారు ఫోటో తీశారు. వాల్వు తిప్పింది అసారిగారే. ఆ వాల్వు ఇంకెవరి చేతికీ లొంగదు. ఈరోజు ఎందుకో చేతులు తెగ కడిగారు. ఎర్రగా అయిపోయేదాకా కడిగారు. "చర్మం ఊడొస్తుంది, చాలు" అన్నాను. ఇంకోసారి సబ్బు తీసుకున్నారు.

కషాయం ఆవిరికి చేదు బాదం వాసన, వెనకాలే వెనిగరు ఘాటు. పదిహేడు ఈ రెంటినీ తినాలి. తింటుంది. చిన్న సీసా వేరు, పెద్ద తొట్టి వేరు.

జనవరి 24

బాదం వాసన అట్లాగే ఉంది.

జనవరి 28

అయిపోయింది.

విత్తనం దించిన రోజు విషం ఎంత ఉందో అంతా అక్కడే ఉంది. చక్కెర సగం లేదు. ఈస్ట్‌ని దించి చూశాం. ఒక్క బుడగ రాలేదు. పొద్దుట తొమ్మిదికి దించితే పదకొండుకి అంతా చచ్చి అడుగున బూడిదలా పేరుకుంది. మునకతగారు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు.  

ఇంకో తొట్టి ఉడికించడానికి రోజుల్లేవు.

జనవరి 29

తొట్టిలోంచి చుక్క తీసి మైక్రోస్కోపులో చూశాను. బయటి క్రిమి ఏదైనా చేరితే పొట్టి కర్రల్లా కనపడాలి. లేవు. పదిహేడో నంబరు బూజు దారాలు మాత్రమే, నున్నగా, బొద్దుగా. ఇంకో చుక్క చూశాను. లేవు.

మూడో చుక్క చూడలేదు. కళ్ళు అలిసిపోయాయి.

జనవరి 30

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

మధ్యాహ్నం మునకతగారి గదిలో ఉన్నాం. అసారిగారు తలుపు తట్టి లోపలికొచ్చారు. టోపీ తీసి పట్టుకున్నారు. నడుము నేలకి వంచేశారు, ఎంతకీ లేవలేదు.

"తప్పు నాది. తొట్టి నా వల్ల చచ్చింది."

మునకతగారు కంగారుగా లేచారు. "ముందు కూర్చోండి పెద్దాయనా. ఏం తప్పు?"

"పదహారో తారీకు పొద్దున నత్తో తిన్నాను. తిని వచ్చి వాల్వు తిప్పాను."

"మీరా?" నవ్వాలో వద్దో తెలియలేదు మునకతగారికి.

"మా ఆవిడ గిన్నె పెట్టింది. ఎప్పటిలా పారబోద్దామనే లేచాను. 'తొరా, తిను' అంది. నా పేరు పెట్టి పిలిచిందండీ. పెళ్ళైన కొత్తలో అట్లా పిలిచేది. నేనెవరో గుర్తుపట్టి రెండేళ్ళు దాటింది. ఎదురుగా కూర్చుని నా నోటికేసి చూస్తోంది. ఎట్లా పారబొయ్యను?" టోపీని రెండు చేతులా నలిపారు. "తిన్నాను. అంతా తిన్నాను. సెలవు పెట్టాల్సింది. వాల్వు తిప్పేవాళ్ళు లేరని వచ్చాను. చేతులు కడిగితే పోతుందనుకున్నాను."

మునకతగారు నా వైపు తిరిగారు. "కుదోగారూ, ఇది సాధ్యమేనా?"

 అసారిగారు నన్ను చూడటం లేదు, నేలనే చూస్తున్నారు.

"కొట్టిపారేయలేమండీ" అన్నాను.

జనవరి 31

సాధ్యమేనా అని అడిగారు. శాస్త్రం ప్రకారం దేన్నీ పూర్తిగా కొట్టిపారేయలేం. నేను అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 1

అసారిగారి ఆఖరి రోజు. ఆయనే రాజీనామా ఇచ్చారు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. బూట్లు, ఎప్రాన్, టీ గ్లాసు సంచిలో సర్దుకున్నారు. తలుపు మీది కాగితాన్ని చిరక్కుండా గోరుతో మెల్లిగా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. పెద్ద తొట్టి ముందు నిలబడి దండం పెట్టారు.

"మనవాడికి నా తరఫున క్షమాపణ చెప్పమ్మా. ముప్పై ఎనిమిదేళ్ళు ఒక్క తొట్టి చెడలేదు నా చేతిలో. నీ తొట్టే చెడిపోవాలా?"

"మీరు బాధపడకండి" అన్నాను. అంతే అన్నాను.  

జోరుగా మంచు కురుస్తోంది. ఆయన నడిచి వెళ్ళిన అడుగులు నేను చూస్తుండగానే పూడిపోయాయి.

ఫిబ్రవరి 4

ఫ్రీజరు అడుగున పదిహేడో నంబరు బూజు పాత నమూనా ఒకటుంది, స్తంభం మొదట్లోంచి తెచ్చిన ఏడాది దాచింది. దాన్ని ఒక సీసాలో, మాల్ట్ మీద పెంచినదాన్ని ఇంకో సీసాలో పెట్టాను. రెంటికీ ఒకే కషాయం. ఊరికే, కుతూహలం కొద్దీ.

ఫిబ్రవరి 14

పెద్దలు వచ్చారు. బండ్లు బుక్ చేసుకున్నారు కాబట్టి వచ్చారు. చల్లారిన తొట్టిని చూశారు. మునకతగారు నా కాగితం పంచి, జరిగింది చెప్పారు.

"అంటే, ఒక పెద్దాయన పొద్దున టిఫిను తింటే ఆగిపోయే పద్ధతా ఇది?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. ఇంకొకాయన, "ఇలాంటిదాన్ని నమ్ముకుని ఎవరు పెట్టుబడి పెడతారు" అన్నాడు. అక్కడితో మూడేళ్ళ మాట ముగిసింది.

ఈసారి నేను నవ్వలేదు. నవ్వకపోతే ఎవరికి లాభం.

ఫిబ్రవరి 15

రెండు సీసాలు బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

ఫ్రీజరులోంచి తీసిన దాని సీసాలో బాదం వాసన లేదు. వెనిగరు లేదు. చక్కెర దాదాపు అంతా ఉంది. ఒక చుక్క ఈస్ట్ వేస్తే గంటలో నురగ కట్టింది.

నా చేత్తో మాల్ట్ పెట్టి పెంచిన దాని సీసాలో విషం విషంలాగే ఉంది. చక్కెర ఖాళీ.

రెండు నెలలు తీపి పెట్టాను. తీపి మరిగింది. విషం తినడం మరిచిపోయింది. కషాయంలో పడగానే అలవాటైన చక్కెర వెతుక్కుని తింది. దాన్ని అనడానికేముంది, నేర్పింది నేనే.

నత్తో కాదు. అసారిగారు కాదు. నేనే.

జనవరి తొమ్మిదినే నాకు తెలుసు. యంత్రం పాతది అని రాసుకున్న రోజే తెలుసు.

ఫిబ్రవరి 16

చెప్పాలి.

ఫిబ్రవరి 18

చెప్పాలి. మునకతగారు ఊళ్ళో లేరు.

ఫిబ్రవరి 20

మునకతగారు వచ్చారు. జలుబుతో ఉన్నారు.

ఫిబ్రవరి 26

నాకు దక్షిణాన మొక్కజొన్న పరిశోధన కేంద్రంలో పోస్టింగు ఇచ్చారు. మిగతావాళ్ళకి ఏమీ లేదు. "మీ తప్పు లేదని గట్టిగా రాశాను" అన్నారు మునకతగారు. థాంక్స్ చెప్పాను.

మార్చి 11

భూకంపం వచ్చి రెండేళ్ళు. రెండు నలభై ఆరుకి సైరను మోగింది, అందరం లేచి తలలు వంచాం.

నాకు చనిపోయినవాళ్ళు గుర్తురాలేదు. పెట్రోలు కరువైన ఆ రోజుల్లో బంకు ముందు మంచులో నిలబడ్డ క్యూ గుర్తొచ్చింది. ఆ క్యూలోనే అసారిగారు నాకు పరిచయం. వెనక సీట్లో తొసెగారు దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, బండిలో చుక్క లేదు. ఐదు గంటలు నిలబడ్డాక బంకువాడు అయిపోయిందని తాడు కట్టేశాడు. నా బండిలో ఉన్నది గొట్టంతో తీసి ఇచ్చాను. అప్పుడు మాటల్లో చెప్పాను, గడ్డితో బండి నడిపే పని చేస్తున్నానని. "గడ్డితోనా? గడ్డి మాకు కొండలా ఉంది. బూజు పని ఏదైనా ఉంటే చెప్పమ్మా" అన్నారు. అట్లా వచ్చారు ఆ మనిషి ఇక్కడికి.

తల ఎత్తగానే నేరుగా మునకతగారి గదిలోకి వెళ్ళాను. అంతా చెప్పాను. మాల్ట్, రెండు సీసాలు, పొట్టి కర్రలు లేని చుక్కలు. బూజు మంచిదే, పద్ధతి మంచిదే, పాడుచేసింది నేను, ఇది పై వాళ్ళకి రాస్తే మూడేళ్ళు ఇస్తారేమో అన్నాను.

ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ ఉన్నారు.

"ఇది జనవరి ముప్పైన చెప్పి ఉండాల్సింది, కుదోగారూ."

"అవును."

"తొట్టి ఎందుకు చెడిందో రాసిన రిపోర్టుని ఒప్పుకుంటూ ఏడు ముద్రలు పడ్డాయి. వాటిలో నాదొకటి. ఇప్పుడు ఆ ఏడుగురి దగ్గరికీ వెళ్ళి మేం మిమ్మల్ని తప్పుదారి పట్టించాం అని చెప్పాలి. కేంద్రం తెరుచుకోదు. మీ పోస్టింగు పోతుంది. నాదీ పోతుంది." పెన్ను జేబులో పెట్టుకున్నారు. "నాకేమీ వినపడలేదు. వెళ్ళండి."

నాలో ఏదో తేలికపడింది. చెప్పాను కదా అని. ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

మార్చి 24

ఆదివారం. అసారిగారింటికి వెళ్ళాను.

పెరట్లో మంచు సగం కరిగింది. ఆయన పారతో గట్టు తీస్తున్నారు. సన్నబడ్డారు. నన్ను చూసి పార పక్కన పెట్టారు. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

విన్నారు. పారకి అంటిన మట్టిని బొటనవేలితో తుడుస్తూ విన్నారు.

"ఇంక్యుబేటరు అన్నావుగా."

"అన్నాను."

"బార్లీ వాసన నాకు తగిలింది. నువ్వు ఇంక్యుబేటరు అన్నావు. నువ్వు చదువుకున్నదానివి, నా ముక్కే ముసలిదైందనుకున్నాను."

తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. తిట్టలేదు.

"నన్ను అన్నదానికి నాకేం లేదమ్మా" అన్నారు. "ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. యాభై ఏళ్ళలో అరవలేదు. నీ చేతి గింజలు నా తొట్టిని చంపాయి అన్నాను. ఒక్కసారే అన్నాను. మర్నాటికి మరిచిపోతుందిలే, అన్నీ మరిచిపోతుందిగా అనుకున్నాను." లోపలికి చూశారు. "అదొక్కటే మరిచిపోలేదు. నన్ను మరిచిపోయింది, పిల్లల్ని మరిచిపోయింది, అదొక్కటే ఉంది. వంటింట్లోకి పోవడం మానేసింది. తలుపు తట్టిన ప్రతివాడికీ దండాలు పెడుతోంది, పోస్టుమాన్‌కి కూడా. నాకు చెప్పి ఏం లాభం డాక్టరమ్మా. పో, ఆవిడకి చెప్పు."

తొసెగారు కింద వేడి పెట్టి పైన దుప్పటి కప్పిన బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేతులు రెండూ దుప్పటి కింద దాచుకుంది. నన్ను చూడగానే చేతులు తీసి చాప మీద ఆనించి, నుదురు నేలకి తగిలేలా వంగింది.

"టీచరమ్మా, క్షమించండి. నా చేతి గింజల వల్ల మీ తొట్టి పోయింది."

వెళ్ళి భుజాలు పట్టి లేపాను. "మీ వల్ల కాదు మామ్మగారూ. మీ నత్తో ఏం చేయలేదు. నిజం."

"నిజంగా?"

"నిజంగా."

మొహం విప్పారింది. టీ పోసింది. ఒలకకుండా పోసింది. నేను ఒక గుక్క తాగాను. ఆవిడ కప్పు పక్కన పెట్టి, చేతులు చాప మీద ఆనించింది.

"టీచరమ్మా, క్షమించండి. నా చేతి గింజల వల్ల..."

ఎన్నిసార్లు చెప్పానో లెక్క పెట్టలేదు. చీకటి పడేముందు లేచాను. అసారిగారు గుమ్మంలో చెప్పులు సర్ది పెట్టారు.

"వచ్చే ఆదివారం మళ్ళీ రా" అన్నారు. అడిగినట్టు లేదు.

మార్చి 31

పొద్దున కేంద్రానికి తాళం వేశారు. పదిహేడుని బాయిలరులో పెట్టి చంపాల్సింది నేనే కాబట్టి చంపాను, రెండు రకాలూ. ఫ్రీజరులోది ఒక్కటి మిగల్చమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగే మొహం ఏది.

మధ్యాహ్నం తొసెగారి దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. మళ్ళీ చెప్పాను.

ఏప్రిల్ 7

కొత్త ఉద్యోగంలో చేరాను. ఇక్కణ్ణుంచి వాళ్ళ ఊరికి రైల్లో రెండున్నర గంటలు. వెళ్ళాను.

ఈసారి ఒక మాట అదనంగా అడిగింది. నేను ఎప్పటిలా "మీ తప్పు కాదు మామ్మగారూ" అన్నాను. నన్నే చూసింది.

"మరెవరి తప్పు?"

"ఎవరిదీ కాదు. అట్లా జరిగిపోయింది."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఎవరిదీ కాకపోతే నాదే" అంది. చేతులు మళ్ళీ చాప మీదికి పోయాయి.

రైల్లో దారి పొడవునా అదే మాట.

ఏప్రిల్ 14

వెళ్ళాను. వంగింది. లేపాను.

"మరెవరి తప్పు?"

"నాది" అన్నాను. "బూజుకి నేను తీపి పెట్టి పాడుచేశాను. మీరు చేశారని అందరూ అనుకుంటుంటే నోరు మూసుకున్నాను."

అంత గట్టిగా ఎప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు. మునకతగారికి చెప్పినప్పుడు శాస్త్రం కలిపి చెప్పాను. అసారిగారికి నేల చూస్తూ చెప్పాను. ఈవిడ మొహంలోకి చూస్తూ చెప్పాను.

తొసెగారు రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో తల్లీ" అంది. పక్కగది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మా ఆయనకి మాత్రం చెప్పకండి. కోప్పడతాడు. ఆయన కోప్పడితే పడటం చాలా కష్టం. నేనెవరికీ చెప్పనులెండి."

కాగితపు తలుపు అవతల అసారిగారు దగ్గారు.

టీ చల్లారకముందే ఆవిడ మళ్ళీ నేలకి వంగింది.

ఏప్రిల్ 21

వెళ్ళాను. నాది అన్నాను. ఎవరికీ చెప్పనంది.

ఏప్రిల్ 28

వెళ్ళాను. ఏడుసార్లు నాది అన్నాను. ఏడుసార్లూ ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.